జ్వరం టెస్టులు: ప్యానెల్ మొత్తం చేయించాలా, ఏరుకుని చేయించాలా?

వానాకాలంలో హైదరాబాద్‌లో ఏ ల్యాబ్‌కి వెళ్లినా కౌంటర్ మీద ‘ఫీవర్ ప్యానెల్’ అని ఒక కార్డు కనిపిస్తుంది. సీబీపీ (రక్తకణాల లెక్క), మలేరియా, వైడాల్ (టైఫాయిడ్ కోసం చేసేది), డెంగీ, సీఆర్‌పీ, యూరిన్, కాస్త పెద్ద ప్యాకేజీ అయితే లివర్, కిడ్నీ కూడా. విడివిడిగా అయితే ఇంతవుతుంది, ప్యాకేజీలో అయితే ఇంతకే వస్తుంది అని పక్కనే కొట్టేసిన రేటు, దాని కింద కొత్త రేటు. ఇంట్లో మనిషి జ్వరంతో మూలుగుతుంటే ఎవరైనా ‘అన్నీ చేసెయ్ బాబూ, పోయేదేముంది’ అనే అంటారు.

నేను ల్యాబ్‌లో పనిచేస్తాను, డాక్టర్‌ని కాదు, మందులు చెప్పను. కానీ ఏ పరీక్ష ఏం చెప్పగలదో, ఏది చెప్పలేదో రోజూ కళ్ల ముందు చూస్తుంటాను కాబట్టి ఆ మేరకు చెప్తాను. నా మాట ముందే చెప్పేస్తున్నా: చాలామందికి ప్యానెల్ దండగ. జ్వరం ఎన్నో రోజు అన్న సంగతి తెలిస్తే రెండు మూడు పరీక్షలు చాలు, అవి కూడా అన్నీ ఒకేరోజు చేయించక్కర్లేదు. డబ్బు పోతే పోయింది అనుకుందాం, అసలు నష్టం వేరే ఉంది. తప్పు రోజున చేయించిన పరీక్షలో ‘నెగెటివ్’ అని వస్తే ‘హమ్మయ్య, ఏం లేదు’ అని ఇంట్లో పడుకుంటారు, పనికిరాని పరీక్షలో ‘పాజిటివ్’ అని వస్తే లేని జబ్బుకి పది రోజులు ఇంజెక్షన్లు పొడిపించుకుంటారు.

రోజు లెక్క ఇలా: ఒళ్లు వెచ్చబడ్డ రోజే మొదటి రోజు. ల్యాబ్‌కి వచ్చిన రోజు కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లిన రోజు కూడా కాదు. మొన్న రాత్రి నుంచి ఒళ్లునొప్పులు, నిన్న పొద్దున జ్వరం అంటే ఇవాళ రెండో రోజు. ఫోన్‌లో రాసి పెట్టుకోండి, టెంపరేచర్ ఎంతుందో కూడా. డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న ఇదే, దీనికి ఇంట్లో తలా ఒక జవాబు చెప్తారు.

మొదటి రెండు రోజులు, జలుబూ దగ్గూ ఉండి, మనిషి తింటూ తాగుతూ బాగానే ఉంటే చాలావరకు ఏ పరీక్షా అక్కర్లేదు. పారాసిటమాల్, నీళ్లు, విశ్రాంతి. ఇక్కడ మినహాయింపులున్నాయి, వీళ్లు రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోకూడదు: మూడు నెలల్లోపు పసిపిల్లలు, గర్భిణులు, బాగా పెద్దవాళ్లు, షుగర్, కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు, కీమో తీసుకుంటున్నవాళ్లు. అలాగే ఆయాసం, ఫిట్స్, మాట తడబడటం, మెడ బిగుసుకుపోవడం ఉంటే ల్యాబ్‌కి కాదు, నేరుగా ఆస్పత్రికే వెళ్లాలి.

డెంగీ: ఎన్‌ఎస్‌1 చేయించాలా, ఐజీఎం చేయించాలా

ఎన్‌ఎస్‌1 అనేది వైరస్ రక్తంలోకి వదిలే ప్రొటీన్. జ్వరం మొదలైన రోజు నుంచే దొరుకుతుంది, ఐదో రోజు దాటాక తగ్గిపోతూ ఉంటుంది. ఐజీఎం అనేది మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ, అది నాలుగైదు రోజులకు గానీ కనపడదు. కాబట్టి రెండో రోజు వెళ్లి ఐజీఎం చేయించి నెగెటివ్ వస్తే అందులో చెప్పుకోవడానికి ఏమీ లేదు, ఏడో రోజు ఎన్‌ఎస్‌1 నెగెటివ్ వచ్చినా అంతే. ఐదు రోజుల్లోపు ఎన్‌ఎస్‌1, ఆ తర్వాత ఐజీఎం. ఐజీజీ (జబ్బు తగ్గాక కూడా ఏళ్ల తరబడి ఉండిపోయే యాంటీబాడీ) ఒక్కటే పాజిటివ్ వస్తే ఎప్పుడో పాతది అయ్యుండొచ్చు, దాన్ని చూసి కంగారు పడొద్దు. ఇంకో మెలిక ఏమిటంటే, డెంగీ రెండోసారి వచ్చినవాళ్లలో (వైరస్‌లో నాలుగు రకాలున్నాయి, ఒకటి వచ్చిపోయాక ఇంకొకటి రావచ్చు) ఎన్‌ఎస్‌1 త్వరగా మాయమవుతుంది, ఐజీఎం కూడా అంతంతమాత్రంగానే వస్తుంది. వీళ్లకే జబ్బు ముదిరే అవకాశం ఎక్కువ. అందుకే లక్షణాలు డెంగీలాగే ఉండి టెస్టు కార్డు (రక్తం చుక్క వేస్తే గీత చూపించే చిన్న పట్టీ) నెగెటివ్ చూపిస్తే డాక్టర్లు కార్డుని పక్కన పెట్టి మనిషిని చూస్తారు.

కార్డు మంచిదా, ఎలైజా (ల్యాబ్‌లో మెషిన్ మీద అంకెతో తేల్చే పరీక్ష) మంచిదా అని కూడా అడుగుతారు. కార్డు పావుగంట, ఇరవై నిమిషాల్లో గీత చూపిస్తుంది, ఎలైజాకి కొన్ని గంటలు పడుతుంది, శాంపిళ్లు పోగయ్యేదాకా ఆగితే మర్నాటికి వస్తుంది. మన జాతీయ కార్యక్రమం డెంగీ నిర్ధారణకు ఎలైజానే ఒప్పుకుంటుంది, కార్డుతో పాజిటివ్ వస్తే ‘ప్రాబబుల్’, అంటే డెంగీ కావచ్చు అన్న కేసుగానే లెక్క. తొందరగా తెలియాలంటే కార్డు వాడుకోవచ్చు, తప్పులేదు. కార్డు మీద కనపడీ కనపడనట్టున్న గీత వస్తే మాత్రం ఎలైజా అడగండి.

అయితే డెంగీలో మీ ఇంట్లో మనిషికి నిజంగా పనికొచ్చే పరీక్ష ఈ రెండూ కాదు, సీబీపీ. ఎందుకంటే డెంగీ వైరస్‌కి ప్రత్యేకమైన మందు లేదు, పేరు తెలిసినా తెలియకపోయినా చేసేది ద్రవాలు చూసుకోవడమే. ఆ ద్రవాలు ఎప్పుడు తక్కువవుతున్నాయో చెప్పేది సీబీపీ. రిపోర్టు చేతికి రాగానే అందరి వేలూ ప్లేట్‌లెట్స్ దగ్గరికి పోతుంది. దానికన్నా పైన, హిమోగ్లోబిన్ కింద ‘పీసీవీ’ అనో ‘హెమటోక్రిట్’ అనో ఒక అంకె ఉంటుంది, రక్తంలో ఎర్రకణాల వంతు ఎంతో చెప్పేది, ముందు అది చూడండి. మూడో రోజు 38 ఉన్నది ఐదో రోజు 46 అయ్యిందంటే రక్తంలోని నీరు నాళాల్లోంచి బయటికి కారిపోతోంది, రక్తం చిక్కబడుతోంది అని అర్థం. మొదటి అంకె మీద 20 శాతం పెరిగితే అది గట్టి హెచ్చరిక. తెల్లకణాలు ముందు పడతాయి, తర్వాత ప్లేట్‌లెట్స్, పీసీవీ పెరగడం ఆ వెనకే. ఒక్క రిపోర్టు చూస్తే ఇది తెలియదు, రెండు పక్కపక్కన పెట్టుకోవాలి. అందుకే ఒకేరోజు పది పరీక్షలు చేయించేకన్నా అదే సీబీపీ మూడో రోజు ఒకసారి, ఆ తర్వాత డాక్టర్ చెప్పినట్టు రోజు విడిచి రోజో, రోజూనో చేయించడం ఎంతో మేలు. వీలైతే ఒకే ల్యాబ్‌లో, ఎందుకంటే మెషిన్ మారితే అంకె కూడా కొంచెం మారుతుంది. ప్లేట్‌లెట్స్ హఠాత్తుగా మరీ తక్కువ చూపిస్తే, స్లైడ్ మీద చూశారా అని అడగండి. ఒక్కోసారి ట్యూబులో అవి గడ్డలు కట్టుకుంటే మెషిన్ లెక్క తప్పుతుంది.

ప్లేట్‌లెట్స్ ఎక్కించాలా, ఆగాలా

నగరంలో డెంగీ అంటే ప్లేట్‌లెట్స్ కోసం వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్‌లు పెట్టడమే అయిపోయింది. దీని మీద చక్కటి అధ్యయనం ఉంది. సింగపూర్, మలేషియా ఆస్పత్రుల్లో ప్లేట్‌లెట్స్ 20 వేలు, అంతకన్నా తక్కువకి పడి, రక్తస్రావం మాత్రం లేని 372 మంది పెద్దవాళ్లని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి ప్లేట్‌లెట్స్ ఎక్కించారు, ఇంకో గుంపుకి మామూలు చికిత్సే ఇచ్చారు. 2017లో ఫలితాలు వచ్చాయి. వారంలోపు రక్తస్రావం ఎక్కించినవాళ్లలో 21 శాతానికి, ఎక్కించనివాళ్లలో 26 శాతానికి అయింది, గణాంకాల ప్రకారం ఇది తేడా కింద లెక్కకి రాదు. దుష్ప్రభావాలు మాత్రం ఎక్కించిన వైపు 13 ఘటనలు, ఎక్కించని వైపు 2. అంకె పడిపోయింది కదా అని ముందుజాగ్రత్తగా ఎక్కించడం వల్ల ఒరిగేదేమీ లేదన్నమాట. రక్తం కారుతుంటేనో, మరీ 10 వేల కిందికి పడితేనో డాక్టర్లు ఆలోచిస్తారు, అది వేరే సంగతి.

బొప్పాయి ఆకు రసం సంగతి కూడా అడుగుతారు. ప్లేట్‌లెట్ అంకె కాస్త తొందరగా పెరిగిందని కొన్ని చిన్న అధ్యయనాలు చెప్పాయి గానీ, దానివల్ల ప్రాణాపాయం తప్పుతుందన్న రుజువు లేదు. అసలే వాంతులతో ఉన్న మనిషికి ఆ చేదు పట్టించి ఉన్న నీళ్లు కూడా కక్కించడం నాకు నచ్చదు.

ఇంట్లో ఉండాలా, అడ్మిట్ కావాలా అన్నది తేల్చేవి లక్షణాలు: ఆగని వాంతులు, కడుపులో గట్టి నొప్పి, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లటి విరేచనం, మనిషి మగతగా పడి ఉండటం లేదా ఊరికే విసుక్కుంటూ కుదురుగా ఉండలేకపోవడం, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. డెంగీలో గడ్డుకాలం జ్వరం 104 ఉన్నప్పుడు కాదు, జ్వరం దిగేటప్పుడు, అంటే మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో వచ్చే ఒకటి రెండు రోజులు. ‘జ్వరం తగ్గిందిగా, ఇంక ల్యాబ్ ఎందుకు’ అని మానేసేది సరిగ్గా అప్పుడే. ఓఆర్‌ఎస్, మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్లు తాగుతూ, మూత్రం బాగా వస్తూ, పైన చెప్పినవేవీ లేకపోతే ప్లేట్‌లెట్స్ 80 వేలు ఉన్నా ఇంట్లో చూసుకోగలిగినవాళ్లు చాలామందే, డాక్టర్ కంట్లో ఉంటూ.

మందుల్లో పారాసిటమాల్ ఒక్కటే. పెద్దవాళ్లకి రోజుకి నాలుగు గ్రాములు దాటకూడదు, లివర్ జబ్బో తాగుడు అలవాటో ఉంటే ఇంకా తక్కువ. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, పిల్లలకి తెగ పోసే మెఫెనమిక్ సిరప్, ఇవేవీ డెంగీ కాదని తేలేదాకా ముట్టుకోవద్దు, రక్తస్రావం ముప్పు పెంచుతాయి. గుండెకి ఆస్పిరిన్ వాడేవాళ్లు మీ అంతట మీరు ఆపేయకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి. వీధి చివర ‘జ్వరం ఇంజెక్షన్’ అని వేసేదాంట్లో చాలాసార్లు డైక్లోఫెనాకో, స్టెరాయిడో ఉంటుంది.

టైఫాయిడ్: వైడాలా, కల్చరా

ఇక నాకు ఒళ్లు మండే విషయానికి వద్దాం. వైడాల్ పరీక్ష 1896 నాటిది. ఎలా చేస్తారో చెప్తాను, మీరే చూడండి. గాజు స్లైడ్ మీద మీ రక్తంలోంచి తీసిన సీరం ఒక్కో చుక్క వేస్తాం, దాని మీద నీలం రంగు ద్రవం ఒక చుక్క, ఇంకోచోట ఎర్రది ఒక చుక్క, అవి చచ్చిన టైఫాయిడ్ బ్యాక్టీరియా. పుల్లతో కలిపి, ఒక నిమిషం అటూ ఇటూ ఊపి, దీపం వెలుతురులో రవ్వలు రవ్వలుగా విరిగిందా లేదా అని కంటితో చూస్తాం. ఒకరికి విరిగినట్టు కనిపించింది ఇంకొకరికి కనిపించదు. ఆ చూపుని బట్టే మీ రిపోర్టులో ‘1:80’, ‘1:160’ అని పడుతుంది, రెండో అంకె ఎంత పెద్దదైతే యాంటీబాడీలు అంత ఎక్కువని లెక్క.

చూపు సంగతి సరే, అసలు చిక్కు వేరు. అది వెతికేది యాంటీబాడీలని. మన ఊళ్లలాంటి చోట, నీళ్లలోనో పానీపూరీలోనో ఎప్పుడో ఒకసారి ఆ జాతి బ్యాక్టీరియా తగలనివాళ్లు తక్కువ, కాబట్టి నిక్షేపంగా తిరుగుతున్నవాళ్లలో కూడా 1:80 వస్తుంది. మలేరియా ఉన్నా, డెంగీ ఉన్నా కూడా పాజిటివ్ రావచ్చు. నిజంగా టైఫాయిడ్ ఉన్నవాళ్లకి మొదటి వారంలో నెగెటివ్ కూడా రావచ్చు. సరిగ్గా చేయాలంటే పది, పద్నాలుగు రోజుల తేడాతో రెండుసార్లు చేసి అంకె నాలుగింతలైందా అని చూడాలి, ఆ పని ఎవరూ చేయరు, అప్పటికి జ్వరం అటో ఇటో తేలిపోతుంది కూడా. ఇన్ని తెలిసీ ప్యానెళ్లలో ఇది ఎందుకుందంటే, చవక, గంటలో అయిపోతుంది, పేషెంట్ చేతికి ఒక జబ్బు పేరు దొరుకుతుంది. ‘డెంగీ ప్లస్ టైఫాయిడ్’ అని మీరు వినే జంట జబ్బుల్లో చాలావాటి వెనక ఉన్నది ఈ వైడాలే. టైఫిడాట్ అనే కార్డు దీనికన్నా కాస్త నయమంటారు గానీ, దాన్ని కూడా నమ్ముకుని కూర్చోలేం.

బ్లడ్ కల్చర్ అంటే రక్తాన్ని పోషకాలున్న సీసాలో వేసి బ్యాక్టీరియా పెరుగుతుందా అని చూడటం. ఇది కూడా నూటికి నూరు కాదు, టైఫాయిడ్ ఉన్న పదిమందిలో సుమారు ఆరుగురినే పట్టుకుంటుంది. కానీ పట్టుకుందంటే తిరుగులేదు, పైగా ఏ మందుకి ఆ బ్యాక్టీరియా లొంగుతుందో కూడా చెప్తుంది. మన దేశంలో టైఫాయిడ్ బ్యాక్టీరియాలో ఎక్కువభాగం ఇప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్‌కి సరిగా లొంగడం లేదు కాబట్టి ఈ రెండో సంగతి చిన్నదేమీ కాదు. తీయించుకునేటప్పుడు మూడు విషయాలు చూసుకోండి. యాంటీబయాటిక్ మొదటి మాత్ర వేసుకోకముందే తీయాలి, వేసుకున్నాక తీస్తే దొరికే అవకాశం బాగా పడిపోతుంది. పెద్దవాళ్లకి 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం కావాలి, సీబీపీ ట్యూబులో మిగిలిన రెండు చుక్కలు సీసాలో పోస్తే అది కల్చర్ కాదు. చర్మం బాగా శుభ్రం చేసి తీయాలి, లేకపోతే చర్మం మీది క్రిములే పెరిగి కొత్త గందరగోళం. ఫలితం మెషిన్ మీద రెండు మూడు రోజుల్లో సూచన ఇస్తుంది, మందుల పట్టిక రావడానికి ఇంకో రోజో రెండు రోజులో, ఏమీ పెరగలేదని తేల్చడానికి ఐదు రోజులు.

‘అన్ని రోజులు మందు లేకుండా ఎలా’ అంటారు. లేకుండా ఉండక్కర్లేదు, రక్తం తీశాక డాక్టర్ అవసరమనుకుంటే అదేరోజు మందు మొదలుపెడతారు, రిపోర్టు వచ్చాక దాన్ని బట్టి మారుస్తారు, ఆపేస్తారు. ఇంకొక్క మాట: సరైన మందు పడినా టైఫాయిడ్ జ్వరం దిగడానికి నాలుగు నుంచి ఆరు రోజులు పడుతుంది. రెండో రోజుకే తగ్గలేదని డాక్టర్‌ని మార్చి, మందు మార్చి, మళ్లీ వైడాల్ చేయించుకునేవాళ్లు ఎందరో.

నా ఎంపిక: మూడు నాలుగు రోజులు దాటినా జ్వరం దిగకుండా, మెట్లు ఎక్కినట్టు రోజురోజుకీ పెరుగుతూ, కడుపు బాగోకపోతే కల్చర్. వైడాల్ అక్కర్లేదు, ప్యాకేజీలో ఉచితంగా ఇచ్చినా అక్కర్లేదు.

మలేరియా, మిగతావి

మలేరియాకి పెద్ద తర్జనభర్జన లేదు. చూసే కన్ను ఉన్న ల్యాబ్ అయితే స్మియర్ (రక్తపు చుక్కని స్లైడ్ మీద పరిచి మైక్రోస్కోప్‌లో చూడటం), లేకపోతే కార్డు, రెండూ పనికొస్తాయి, ఒకసారి నెగెటివ్ వచ్చి చలిజ్వరం ఆగకపోతే మళ్లీ చేయించాలి. నగరంలో కదలకుండా ఉన్నవాళ్లకన్నా ఏజెన్సీ వైపు, భద్రాచలం, ములుగు అడవుల వైపు, ఛత్తీస్‌గఢ్, ఒడిశా వెళ్లొచ్చినవాళ్లు దీన్ని వదిలిపెట్టొద్దు, ఆ ప్రయాణం సంగతి డాక్టర్‌కి అడక్కపోయినా చెప్పండి. (దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న చూసింది మన సికింద్రాబాద్‌లోనే, నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌కి ఆయన పేరే పెట్టారు.) వైవాక్స్ రకం అని తేలితే ప్రైమాక్విన్ 14 రోజులు వాడాలి, దానికి ముందు జీ6పీడీ పరీక్ష అడగండి, ఎర్రకణాల్లో ఉండే ఆ ఎంజైమ్ తక్కువున్నవాళ్లకి ఈ మందు ఎర్రకణాలని పగలగొడుతుంది.

చికున్‌గున్యా పరీక్ష నా దృష్టిలో అందరికీ అవసరం లేదు. కీళ్లు పట్టేసి లేవలేకపోతుంటే అదేనని తెలుస్తూనే ఉంటుంది, పాజిటివ్ వచ్చినా మందు మారదు. డెంగీ కాదని తేలడమే ముఖ్యం.

ఐదు రోజులు దాటినా జ్వరం ఏదో తేలకపోతే జనం మర్చిపోయేది స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే నల్లికన్నా చిన్న పురుగు కుడితే వస్తుంది. చంకలో, గజ్జల్లో, నడుం పట్టీ దగ్గర సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు కట్టిన పుండు ఉందేమో వెతకండి, నొప్పి ఉండదు కాబట్టి మనిషికే తెలియదు. వీల్ ఫెలిక్స్ అనే పాత పరీక్ష వైడాల్‌కి అన్నలాంటిది, దాని బదులు ఐజీఎం ఎలైజా. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ల మీద మన దేశంలోనే పలు ఆస్పత్రుల్లో చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి ఇచ్చినవాళ్లలో మరణం, తగ్గని సమస్యలు, ఆగని జ్వరం అన్నీ కలిపి 33 శాతం ఉంటే, ఒక్కో మందే ఇచ్చినప్పుడు 47, 48 శాతం. త్వరగా గుర్తుపడితే చవక మందుతో పోయే జబ్బు ఇది.

ఎక్కడ చేయించాలి

డబ్బు ఇబ్బంది ఉంటే ముందు బస్తీ దవాఖానాకో, దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రానికో వెళ్లండి. డాక్టర్ చూసి రాస్తే రక్తం అక్కడే తీసి ప్రభుత్వ ల్యాబ్‌కి ఉచితంగా పంపుతారు. రిపోర్టు అదేరోజు చేతికి రాకపోవచ్చు, కాబట్టి రోజుకి రెండుసార్లు సీబీపీ చూడాల్సిన మనిషికి ఇది కుదరదు, వాళ్లు గాంధీకో ఉస్మానియాకో ఫీవర్ హాస్పిటల్‌కో వెళ్లాల్సిందే. ప్రైవేటు ల్యాబ్ అయితే ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌ల నాణ్యత చూసే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా, కల్చర్ వాళ్లే చేస్తారా బయటికి పంపుతారా అని అడగండి. ఇంటికొచ్చి రక్తం తీసేవాళ్లు సీబీపీకి, ఎన్‌ఎస్‌1కి పర్వాలేదు. మలేరియా స్మియర్‌కి, కల్చర్‌కి మాత్రం వీలైతే ల్యాబ్‌కే వెళ్లండి, బైక్ మీద బ్యాగులో మధ్యాహ్నం దాకా ఊరంతా తిరిగిన శాంపిల్‌ని నేను అంతగా నమ్మను.

జ్వరం తగ్గిపోయాక ‘ఇంకా రక్తంలో టైఫాయిడ్ ఉందేమో’ అని మళ్లీ వైడాల్ చేయించుకోవడానికి వస్తుంటారు. అది నెలల తరబడి పాజిటివ్‌గానే ఉంటుంది, అది చూసి మళ్లీ మందులు మొదలుపెట్టొద్దు. ఆకలి పుట్టి, జ్వరం లేకుండా వారం గడిచిందంటే ఆ పరీక్ష డబ్బులతో కిలో దానిమ్మపళ్లు కొనుక్కుని ఇంటికెళ్లండి.